చీటీ ఇచ్చి వెళ్లిపోకండి

ఉద్దానం ఊళ్లకు రక్తపరీక్షలు చేయడానికి వచ్చే డాక్టర్లకు, ల్యాబ్ సిబ్బందికి, పరిశోధకులకు, కెమెరాలతో వచ్చే పాత్రికేయులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టార్ని. మా ఊళ్లో క్యాంపు ఎప్పుడు పెట్టినా మా బడి వరండాలోనే పెడతారు. బెంచీలు వేయించేది నేను, లైను చూసేది నేను, పేర్లు పిలిచేది నేను. మీలో కొందరు మా ఇంటి టీ కూడా తాగారు. పంచదార ఎక్కువైందని ఒకాయన మొహమాటపడకుండా చెప్పారు కూడా. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టే మీరు వస్తున్నారు. మీరు రక్తం తీసుకోవడం మీద నాకేమీ ఫిర్యాదు లేదు. తీసుకున్నాక మా చేతికొచ్చే చీటీ గురించే నా మాటంతా.

రెండేళ్ల కిందట మే నెలలో క్యాంపు పెట్టినప్పుడు అందర్నీ పంపించాక చివర్లో నేనూ చెయ్యి చాపాను. నాలుగో రోజు సాయంత్రం ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చీటీలు పంచింది. అరచేతి వెడల్పు కాగితం. పేరు, వయసు, సీరం క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే పదార్థం) 1.5. పక్కన బ్రాకెట్లో మామూలుగా ఉండాల్సిన హద్దు, 0.7 నుంచి 1.3 అని అచ్చేసి ఉంది. 1.5 కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు. అంతే, ఇంకో ముక్క లేదు. గీసినవాళ్లకు అది అర నిమిషం పని. ఆ గీత మా ఇంట్లో తొంభై మూడు రోజులు కాపురం చేసింది.

"ఏటి రాసినారు రా అందుల?" అని అరుగు మీంచి అమ్మ అడిగింది. "ఏటీ లేదమ్మా, బాగానే ఉందట" అని జేబులో పెట్టుకున్నాను. అమ్మకు అక్షరం రాదు. కానీ ఎర్ర గీత చదవడానికి మా దగ్గర చదువు అక్కర్లేదు. నాన్న చీటీల మీద అలాంటివి ఎన్ని చూసిందో ఆవిడ.

నాన్న 2009లో పోయాడు. అప్పటికి మా చుట్టుపక్కల డయాలసిస్ లేదు. సోంపేటలో రైలెక్కి విశాఖపట్నం పోవడం, నాలుగు గంటలు మిషను మీద ఉండడం, మళ్లీ రైలు. వారానికి రెండు సార్లు. రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు సంచిలో పెట్టుకుని, రైల్లో ఆ సంచిని ఒళ్లో పెట్టుకునే కూర్చునేవాడు. పక్కన ఖాళీ ఉన్నా కింద పెట్టేవాడు కాదు. ఆ సంచి ఇప్పటికీ మా అటక మీద ఉంది. చీటీ వచ్చిన రాత్రి అందరూ పడుకున్నాక నిచ్చెన వేసి దాన్ని దించాను. నాన్నకు మొదట్లో ఎంత ఉండేదో చూద్దామని. మొట్టమొదటి కాగితం మీద 1.6 ఉంది.

ఆ తర్వాత నేనెలా బతికానో దాచకుండా రాస్తాను. సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మీకు తెలియదు.

తెల్లవారుజామున లేచి టార్చిలైటు వేసి మూత్రంలో నురగ ఉందా అని చూసేవాణ్ని. ముంగాలు మీద బొటనవేలితో నొక్కి, గుంట పడిందా, పడితే ఎంతసేపటికి పూడింది అని చూసుకునేవాణ్ని. నొక్కీ నొక్కీ అక్కడ చర్మం కమిలి నల్లబడింది. అది కూడా జబ్బు లక్షణమే అనుకున్నాను. నాన్నకు వద్దన్నవన్నీ నేను మానేశాను. పప్పు మానేశాను. పనస మానేశాను. కొబ్బరి తోటల మధ్య ఉంటూ కొబ్బరినీళ్లు మానేశాను. గంజి తాగి బడికి పోయేవాణ్ని. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. స్టాఫ్ రూములో ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. "మాస్టారు బాగా దిగిపోయాడు, అదే అయ్యుంటాది" అని ఊళ్లో అనుకోవడం నా చెవిన పడింది. దిగులుతో సన్నబడ్డాను, సన్నబడ్డానని మళ్లీ దిగులు. గానుగెద్దులా ఒకటే చుట్టు.

ఇక ఫోను సంగతి. క్రియాటినిన్ తగ్గించే ఆకులు, వేళ్లు, కషాయాలు అంటూ ఒక వీడియో చూస్తే దాని వెనక యాభై వచ్చి కూర్చుంటాయి. ఎనిమిదో తరగతిలో మూఢనమ్మకాల పాఠం గొంతెత్తి చెప్పే నేను, పద్దెనిమిది వందలు పెట్టి ఒక పొడి డబ్బా తెప్పించుకున్నాను. అందులో ఏముందో డబ్బా మీద లేదు. పది రోజులు వాడాను. భయపడ్డవాడి జేబు ఎప్పుడూ తెరిచే ఉంటుందని అమ్మేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

దీన్నుంచి నన్ను బయటకు లాగింది పెద్ద డాక్టరు కాదు. మా పక్క వీధిలో రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉంది. పెన్షను కాగితం మీద సంతకం కోసం బడికి వచ్చి, నా ముఖం చూసి "ఏమైంది మాస్టారూ" అని అడిగింది. చీటీ తీసి చూపించాను. అప్పటికి మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఆవిడ 1.5 గురించి మాట్లాడలేదు. "ఆరోజు పొద్దున్న ఏం చేశారు?" అంది.

ఏం చేశాను? ముందురోజంతా జీడితోటలో ఉన్నాను. పిక్కలు ఏరే కూలీలు దొరక్క, నేనూ మా ఆవిడా దిగాం. నడుం పట్టేసింది. సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకున్నాను, రాత్రికి రెండు మాత్రలు ఇచ్చాడు. పొద్దున్నే లేచి క్యాంపు పనిలో పడి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగలేదు.

ఆవిడ నవ్వింది. "మీ పచ్చి పిక్క కాటా వేస్తే ఒక తూకం, ఎండాక వేస్తే ఒక తూకం. తడిపిక్క తూకాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? మీది రివర్సు. ఎండిపోయి ఉన్నప్పుడు తూచారు" అంది. చీటీ వెనక్కి తిప్పి నా పెన్నుతోనే రాసింది. ఒళ్లు బాగా ఎండినప్పుడు, నొప్పి సూదులు మాత్రలు పడ్డప్పుడు ఈ అంకె పైకి పోవచ్చు. ఒక్క అంకెతో ఎవరూ జబ్బు అని తేల్చరు. తేడా మూడు నెలలు దాటి నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. అందుకని మూడు నెలలకు, అదే ల్యాబులో, నొప్పి మాత్ర వేసుకోకుండా, మామూలుగా నీళ్లు తాగి, మళ్లీ చేయించండి. కింద తేదీ వేసింది. "కాలు నొక్కి చూసుకోవడం మానండి. మొదట్లో ఈ జబ్బు పైకి ఏమీ చూపించదు. కాలు చూసే పనైతే ఇక పరీక్షెందుకు? మీ బదులు పరీక్ష చూస్తుంది. ఆ తేదీదాకా మీకు సెలవు" అంది.

మొత్తం పావుగంట పట్టింది. ఆ రాత్రి నిద్రపోయాను. భయం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ దానికి ఒక తేదీ దొరికింది. తేదీ లేని భయం రోజంతా ఉంటుంది. తేదీ ఉన్న భయాన్ని క్యాలెండరుకు తగిలించి బడికి వెళ్లొచ్చు. మళ్లీ పరీక్షకు 1.1 వచ్చింది. ఒకవేళ 1.6 వచ్చి ఉన్నా, గంజి తాగి కుంగిపోయిన మనిషి కంటే తిని నిద్రపోయిన మనిషే ఆ మాటను బాగా మోస్తాడని నాకిప్పుడు తెలుసు.

ఆ నర్సమ్మ చీటీ వెనక రాసిన నాలుగు వాక్యాలు మీరు చీటీ ముందే ఎందుకు అచ్చేయకూడదు? ఈ ఉత్తరంలో నేనడిగే పెద్ద కోరిక ఇదొక్కటే.

ఇది నా ఒక్కడి గొడవైతే ఇంత దూరం రాసేవాణ్ని కాదు. మా వీధిలోనే రెండిళ్లున్నాయి. ఒకాయన పది పదిహేను రోజులకోసారి ఏదో ఒక ల్యాబుకు పోతాడు. పలాసలో ఒకసారి, సోంపేటలో ఒకసారి, పెళ్లికని బరంపురం పోతే అక్కడ కూడా. 1.1 వస్తే ఆరోజు కోడి కూర. 1.2 వస్తే మూడు రోజులు మంచం. ల్యాబుకీ ల్యాబుకీ ఆపాటి తేడా మామూలేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎదురింటాయన అసలు పరీక్షే చేయించుకోలేదు. క్యాంపు వస్తుందంటే ఆ రోజు ఇచ్ఛాపురంలో పనుందని పోయేవాడు. "తెలిస్తే ఏటవుద్ది, తెలియకపోతేనే నయం" అనేవాడు. కొబ్బరి చెట్టు చివరిదాకా ఎక్కి గెల కొట్టే మనిషి అరచేతి వెడల్పు కాగితానికి భయపడ్డాడు. చివరికి ఆయాసంతో తీసుకెళ్లిన రోజునే తెలిసింది, తెలిసిన వారానికే డయాలసిస్. ఆయన్ని మొండోడు అంటారు ఊళ్లో. నాకు ఆ ఇద్దరూ ఒకటే. ఒకే భయం ఒకాయన్ని ల్యాబుకు తరిమింది, ఇంకొకాయన్ని ల్యాబు నుంచి తరిమింది.

ఉద్దానం అంటే ఉద్యానవనమని పెద్దలు చెప్తారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస, మామిడి, ఒక పక్క సముద్రం. బయటివాళ్లు వచ్చి చూస్తే కోనసీమలా ఉందే అంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి చెట్లన్నీ పడుకోబెట్టింది. ఆ కష్టం కంటికి కనిపించింది కాబట్టి కలిసి ఏడ్చాం, కలిసి లెక్కలు రాయించాం, మళ్లీ మొక్కలు వేశాం. కిడ్నీ జబ్బు అలా కాదు. అది ఏ ఇంటి తలుపు తడుతుందో తెలియదు, ఎందుకు వస్తుందో తెలియదు. మామూలుగా కిడ్నీలు పాడు చేసే షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తుంది. పొలంలో బలంగా పనిచేసే మనిషికీ వస్తుంది.

ఈ "ఎందుకో తెలియదు" అన్నదానితో ఎలా బతకాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఒక ఏడాది నీళ్లలో సిలికా అంటారు. మరుసటేడు భారలోహాలు. తర్వాత పురుగుమందులు. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం అని ఒకరు, నొప్పి మాత్రలని ఒకరు, వంశంలోనే ఉందేమో అని ఒకరు. పరిశోధన అంటే అలాగే సాగుతుందని సోషల్ మాస్టారిగా నాకు అర్థమవుతుంది. కానీ మీరు పేపర్లో రాసే ప్రతి "కావచ్చు" మా వంటింట్లోకి "అయ్యింది" అని వస్తుంది. నీళ్లు అన్న ఏడాది మా ఆవిడ మా తాతలు తవ్విన బావి మీద రేకు కప్పించి రాయి పెట్టింది. వంశం అన్న ఏడాది నా చెల్లి తన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రంతా ఏడ్చింది. ఆ వార్త రాసినవాళ్లు మర్నాటికి ఇంకో వార్తలో పడి ఉంటారు.

అందుకని పరిశోధకులకు ఒక మాట. మా రక్తం, మా మూత్రం, మా బావి నీళ్లు, మా పొలం మట్టి సీసాల్లో ఎన్ని ఊళ్లు తిరిగాయో మాకు లెక్కలేదు. తీసుకెళ్లినవాళ్లలో తిరిగి వచ్చి "ఇదిగో, ఇది తేలింది" అని మా బడి వరండాలో నిలబడి చెప్పినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఏమీ తేలకపోయినా రండి. "ఇంకా తెలియలేదు, ఫలానాది మాత్రం కాదని తేలింది" అని చెప్పినా మాకు చాలు. మేము తట్టుకోలేమని దాచకండి. ఏళ్ల తరబడి తట్టుకుంటున్నవాళ్లమే. మీరు చెప్పకుండా వదిలేసిన జాగాలో పొడి డబ్బాలవాడు వచ్చి దుకాణం పెడుతున్నాడు.

ఒకసారి పదో తరగతి పిల్లలకు ప్రపంచ పటం గోడకు కట్టి, శ్రీలంకలో అనూరాధపురం చూపించాను. అక్కడ వరి పండించే రైతులకు ఇలాంటి జబ్బే ఉంది. అటు అట్లాంటిక్ అవతల మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చూపించాను. అక్కడ ఎండలో చెరకు నరికే కూలీలకు ఉంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. వెనక బెంచీ గుంటడు ఒకడు, "అంటే ఇది మన ఊరి శాపం కాదా మాస్టారూ?" అన్నాడు. కాదురా అన్నాను. వాడి ముఖంలో ఎంత తేలిక కనిపించిందో చెప్పలేను. వాళ్లమ్మ డయాలసిస్ మీద ఉందని నాకప్పటికి తెలియదు. పటం మీద నాలుగు చుక్కలు చూపించడానికి రూపాయి ఖర్చు లేదు. ఏ క్యాంపులోనూ ఎవరూ ఎందుకు చూపించలేదా అనిపించింది.

ఇప్పుడు పాత్రికేయ మిత్రులకు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చినప్పట్నుంచి మా ఊళ్లకు కెమెరాల రాక బాగా పెరిగింది. దానివల్ల మేలు జరిగింది, కాదనను. డయాలసిస్ సెంటర్లు దగ్గరికొచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు వచ్చాయి. నాన్న ఒళ్లో సంచితో రైల్లో కూర్చున్న రోజులు చూసినవాణ్ని, వీటి విలువ నాకు తెలుసు.

కానీ మీ వార్తల తీరు మాత్రం మారలేదు. మంచం మీద ఒక ముసలాయన, చేతికి ట్యూబులు, వెనక ఏడుపు సంగీతం, పైన "మృత్యుఘోష" అని అక్షరాలు. పెద్దవాళ్లలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని 2019లో ఒక వైద్య పత్రికలో సర్వే అచ్చయింది. చాలా ఎక్కువ, గుండె ఆగిపోయే అంకె. అయితే 18 తీసేస్తే మిగిలింది ఎంత అని మా ఆరో తరగతి పిల్ల కూడా చెప్తుంది. ఆ 82 మందిని టీవీలో నేనెప్పుడూ చూడలేదు. ఆ 18లో కూడా అందరూ మిషను మీద లేరు. జాగ్రత్తగా ఉంటూ పొలం చేసుకునేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇంటికి కెమెరా రాదు. మీ టీవీ చూసి మా అల్లుడి వాళ్ల తరపు పెద్దాయన ఒకరు, ముచ్చట్లు కుదిరాక, "అమ్మాయికి కిడ్నీ టెస్టు చేయిస్తారా" అని అడిగారు. పిల్ల తలుపు వెనక నిలబడి విన్నది. చేయించాం. 0.7. తాంబూలాల పళ్లెంలో పసుపు కుంకుమ పక్కన ల్యాబు రిపోర్టు పెట్టిన ఊళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో మరి.

2020 మార్చి గుర్తుందా? 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఆరోజు నుంచి దేశం మొత్తం మాలా బతికింది. కొళాయి పట్టుకుంటే భయం, పాల ప్యాకెట్ పట్టుకుంటే భయం. గంటకోసారి జ్వరం చూసుకోవడం, వేలికి మిషను తగిలించుకుని అంకె చూడడం, రాత్రి లేచి ఊపిరి ఆడుతుందా అని బిగబట్టి చూడడం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా చిన్నప్పటి స్నేహితుడు ఫోన్ చేసి, "రోజుకి పదిసార్లు ఆక్సిజన్ చూసుకుంటున్నానురా, పిచ్చెక్కుతోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. వాడూ ఉద్దానం వాడే. ఇక్కణ్నుంచి తప్పించుకుని పోయాననుకున్నాడు. ఆ రోజుల్లో టీవీల్లో సైకాలజిస్టులు వచ్చి చెప్పేవారు, వార్తలు రోజుకి రెండుసార్లే చూడండి, వేళకి తినండి, మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోండి అని. మంచి మాటలే, నేను రాసి పెట్టుకున్నాను. కరోనా తగ్గాక ఆ సైకాలజిస్టులూ కనిపించడం మానేశారు. మా భయం మాత్రం ఇక్కడే ఉంది.

మనసు బాగోలేనివాళ్లకు ఫోను సాయం లేదని కాదు. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది, 14416 నంబరు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మా బడి గోడ మీద నేనే రాయించాను. కానీ మా అమ్మ వయసు ఆవిడ ఫోన్ తీసి "నాకు మానసిక ఆందోళనగా ఉంది" అని చెప్తుందని అనుకోకండి. ఆవిడకు ఉన్నది గుండె దడ. అరికాళ్ల మంట. తిన్నది సయించకపోవడం. "నిద్దర పట్టడం లేదమ్మా" అని ఏఎన్‌ఎంతో అంటుంది. ఏఎన్‌ఎం బీపీ చూసి బాగానే ఉందని పంపించేస్తుంది. ఆ మాట దగ్గర ఇంకో ప్రశ్న వేయడం ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు నేర్పించండి. "ఎప్పట్నుంచి? ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ఉందా?" అని. ఈ ఒక్క ప్రశ్నకు గుమ్మం మీద కూర్చుని గంటసేపు ఏడ్చే ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. రోగిని అందరూ పలకరిస్తారు. రోగికి ఉప్పు లేకుండా వండి, తనకు ఉప్పుతో వేరే వండుకోవడానికి మనసొప్పక అదే చప్పిడి తినేస్తూ ఏళ్లు గడిపే భార్యను ఎవరు పలకరిస్తారు? మా అమ్మ నాన్న పోయాక కూడా చాలాకాలం కూరలో ఉప్పు వేయడం మర్చిపోయేది.

నేను చేసుకున్న చిన్న ఏర్పాటు ఒకటి చెప్తాను, గొప్ప కోసం కాదు. నర్సమ్మ, నేను కలిసి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాం. ఎవరికి చీటీ వచ్చినా వస్తారు. అంకె రాస్తాం, ఆరోజు ఏం పని చేశారు, ఏం మాత్రలు మింగారు రాస్తాం, మళ్లీ ఎప్పుడు చేయించాలో తేదీ వేస్తాం. నిజంగా ఎక్కువున్నవాళ్లను ఆ వారంలోనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లే బాధ్యత ఒకరికి అప్పజెప్తాం. వైద్యం చేయం, సలహాలూ ఇవ్వం. నొప్పి సూది మాత్రం డాక్టరు చెప్పకుండా వేయించుకోవద్దని గట్టిగా చెప్తాం. ఆదివారం సాయంత్రాలు వస్తారు. నిజానికి నోటుబుక్కు పని పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా సేపు కొబ్బరి రేటు, అల్లుళ్ల సంగతులు, ఎవరి రాత్రి ఎలా గడిచిందన్న మాటలు. పది పదిహేను రోజులకోసారి ల్యాబుకు పోయేవాయన కూడా వస్తున్నాడు. మొదట్లో "తేదీ ముందుకు జరపండి మాస్టారూ" అని బతిమాలేవాడు. ఈమధ్య మూడు నెలలు ఆగగలిగాడు. ఆగినందుకు అందరికీ పకోడీలు తెచ్చాడు. ఎదురింటాయన మంగళ, శుక్రవారాలు డయాలసిస్‌కి పోతాడు. ఆదివారం వచ్చి ఒక మూల కూర్చుంటాడు, ఎక్కువ మాట్లాడడు. కొత్తగా చీటీ పట్టుకుని బిక్కముఖంతో వచ్చేవాళ్లను మాత్రం తన పక్కన కూర్చోమంటాడు.

అది మీరు చేయాల్సిన పని అని నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది. ఒక బడిపంతులూ ఒక రిటైరైన నర్సూ నోటుబుక్కు పెట్టుకుని చేస్తున్నది, జీతాలూ జీపులూ ఉన్న మీకు కష్టమా? చీటీ మీద నాలుగు ముక్కలు అచ్చేయండి. ఎక్కువ వచ్చినవాళ్లకు చీటీని ఇంటింటికీ పంచినట్టు పంచకండి, పిలిచి కూర్చోబెట్టి చేతికివ్వండి. ఎర్ర పెన్ను ఇంట్లో వదిలేసి రండి.

కొత్త క్యాంపు వచ్చే నెలలో మా బడిలోనే అని కబురొచ్చింది. ఈసారి వరండాలో రెండు బెంచీలు వేయిస్తున్నాను. ఒకటి మీరు రక్తం తీయడానికి, పంకా కింద. రెండోది వేపచెట్టు వైపు, కాస్త ఎడంగా. అక్కడ రెండు కుర్చీలు, ఒక బిందె నీళ్లు పెడతాను. మీలో ఎవరో ఒకరు ఆ రెండో బెంచీ దగ్గర కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారో ముందే కబురు చేయండి. మైకులో ఆ పేరు కూడా చెప్పాలి. టీలో ఈసారి పంచదార తగ్గిస్తాను.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక సోషల్ మాస్టారు